అమ్మమ్మ రక్తంలో సాక్ష్యం

తల్లి లేదు, తండ్రి లేడు. పుట్టిన చోటు తెలియదు. పేరు కూడా పెంచినవారు పెట్టిందే. అలాంటి పిల్ల ఫలానావారి మనవరాలని రుజువు చేయడమెలా?

ఇది కల్పిత కథ కాదు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో 1976లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. 1983 వరకు సాగిన ఆ పాలనలో వేలాదిమందిని పట్టుకుపోయి మాయం చేశారు. వారిలో గర్భిణులూ ఉన్నారు. నిర్బంధంలోనే వారు ప్రసవించారు. తరువాత తల్లులను చంపి, పసికందులను పరాయివారికి ఇచ్చేశారు. అలా పోయిన పిల్లలు సుమారు 500 మంది అని వారి కుటుంబాల అంచనా. ఆ పిల్లలను వెదకడానికి 1977లో వృద్ధ స్త్రీలు కొందరు ఒక సంఘంగా ఏర్పడ్డారు. బ్యూనస్ ఎయిర్స్ నగరంలోని ప్లాజా డి మాయో కూడలి పేరే వారి సంఘానికీ వచ్చింది. వారి స్పానిష్ భాషలో అమ్మమ్మకూ నాన్నమ్మకూ ఒకటే మాట. మనకు రెండున్నాయి. ఆ తేడా ఎంత ముఖ్యమో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తండ్రి ఎవరో తేల్చే రక్తపరీక్ష ఉన్నప్పుడు, అమ్మానాన్నలు లేకపోయినా తాతల, అవ్వల రక్తంతో తేల్చలేమా? ఇదీ వారి ప్రశ్న. దేశదేశాల శాస్త్రజ్ఞులను అడిగారు. 1984లో అమెరికా నుండి జన్యు శాస్త్రవేత్త మేరీ-క్లేర్ కింగ్ వచ్చారు. మొదట తెల్ల రక్తకణాల మీది ప్రోటీన్ల రకాలను పోల్చి చూశారు. ఆ ఏడే ఒక బాలికను గుర్తించగలిగారు కూడా. కాని ఈ పద్ధతికి రెండు వైపుల బంధువులూ కావాలి. చాలా ఇళ్ళలో మిగిలింది ఒక్క ముసలమ్మే! అప్పుడు కింగ్ దృష్టి మైటోకాండ్రియా వైపు మళ్ళింది.

మైటోకాండ్రియా కణానికి శక్తినిచ్చే భాగాలని మీరు చదివే ఉంటారు. కణకేంద్రకంలో ఉన్న డి.ఎన్.ఏ. కాక, వీటికి సొంతంగా చిన్న డి.ఎన్.ఏ. ఉంది. ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది. దానిలోని అక్షరాల జతలు 16,569 మాత్రమే. 1981లో దీన్ని పూర్తిగా చదివారు. శుక్రకణంలోనూ మైటోకాండ్రియా ఉంటాయి గాని, అవి అండంలో చేరాక నాశనమవుతాయి. కనుక ఈ డి.ఎన్.ఏ. మనకు తల్లి నుండే వస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేసి చూడండి. మీది అమ్మది, అమ్మది అమ్మమ్మది. పెద్దమ్మ, పిన్ని, మేనమామ అందరిదీ అదే. పిన్ని పిల్లలదీ అదే. మరి మేనమామ పిల్లలది? కాదు, వారికి మీ అత్తది వస్తుంది. అయితే మేనమామ తన అక్క కూతురినే చేసుకుని ఉంటే లెక్క మారుతుంది. ఎలాగో మీరే చెప్పండి! నాన్నమ్మది మాత్రం మీ నాన్న దగ్గరే ఆగిపోతుంది.

ఈ ఉంగరంలో ఒక భాగం మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. అక్కడి అక్షరాలను వరుసగా చదివి, పిల్లవి, అమ్మమ్మవి పక్కపక్కన పెట్టి చూస్తారు. అమ్మమ్మ లేకపోతే పిన్ని చాలు, మేనమామ అయినా చాలు. ఒక్కో కణంలో ఈ ఉంగరాలు వందలు, వేలు ఉంటాయి గనుక పాత ఎముకల్లో, పళ్ళల్లో కూడా దొరుకుతాయి.

అలాగని ఇది సర్వం చెప్పేస్తుందనుకోకండి. దూరపు తల్లి ఒకతె అయితే, ఎన్నడూ ఒకరినొకరు ఎరుగని ఇద్దరికి కూడా ఈ అక్షరాలు కలవవచ్చు. అందుకే కేంద్రకంలోని డి.ఎన్.ఏ.నూ చూస్తారు. నేడు డబ్బు తీసుకుని "మీ తల్లి వంశం ఫలానా చోటిది" అని చెప్పే సంస్థలున్నాయి. పది తరాల వెనక మీకు 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. ఈ పరీక్ష చెప్పేది వాటిలో ఒక్క స్త్రీ సంగతే. తక్కిన 1,023 మాటేమిటి?

అర్జెంటీనా అవ్వలకు మాత్రం ఆ ఒక్క వరుసే కావలసింది. తాము పోయినా తమ రక్తం సాక్ష్యం చెప్పాలని వారు పట్టుబట్టారు. 1987లో ప్రభుత్వం చట్టం చేసి జాతీయ జన్యు నిధిని నెలకొల్పింది. కుటుంబాల రక్త నమూనాలు అందులో భద్రంగా ఉన్నాయి. నాటి పసికందులకు ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. తమ పుట్టుక మీద అనుమానం వచ్చి, పరీక్ష చేయమని వారే వస్తున్నారు. 2025 జూలైలో 140వ వ్యక్తి ఎవరి బిడ్డో తేలింది.