కరిగిపోతుందన్నారు.. కదిలివెళ్లింది!

పెదవులు నిండుగా కనిపించేందుకు ఎక్కించే ఫిల్లర్‌ వయసు ఏడాదే అంటారు. తీరా దాని చిక్కులు అంతకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నాయి.

తెల్లారకముందే హైదరాబాద్‌ కృష్ణానగర్‌లో సినిమా యూనిట్‌ బండ్ల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. యూసుఫ్‌గూడను ఆనుకున్న ఈ గల్లీల్లో జూనియర్‌ ఆర్టిస్టులకు ముఖమే పెట్టుబడి. అటు పంజాగుట్ట వెళ్లినా ఇటు జూబ్లీహిల్స్‌ ఎక్కినా స్కిన్‌ క్లినిక్కుల బోర్డులే. ప్లాస్టిక్‌ సర్జరీ చేయించుకున్నానని నటి శ్రుతిహాసన్‌ 2020లోనే దాపరికం లేకుండా చెప్పింది. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టిన పెదవి ఫిల్లర్లు చోటు తప్పాయంటూ టీవీ నటి ఉర్ఫీ జావేద్‌ 2025 జులైలో వాటిని కరిగించుకుంది. మూతంతా వాచిపోయినా వీడియో దాచలేదు.

సిరంజిలో ఏముంది?

ఎక్కువగా వాడేది హయలురోనిక్‌ యాసిడ్‌ జెల్‌. ఇది మన చర్మంలోనూ కీళ్లలోనూ ఉండేదే. కాకపోతే ఒంట్లోది ఒకట్రెండు రోజుల్లో విరిగిపోతుంది. అందుకే కంపెనీలు దాని గొలుసులను రసాయనంతో ముడివేస్తాయి. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి జెల్‌ రెస్టిలేన్‌ను 2003లో ముఖం ముడతలకు, 2011లో పెదవులకు అనుమతించింది.

సిరంజిలో ఉండేది సాధారణంగా ఒక ఎంఎల్‌, అంటే టీస్పూన్‌లో ఐదో వంతు. ఆరు నెలల నుంచి ఏడాదిలో పోతుందంటారు. ఎంఆర్‌ఐ తీస్తే మాత్రం కొందరిలో ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తోంది. పోయిందనుకుని మళ్లీ ఎక్కిస్తే పొర మీద పొర పేరుకుంటుంది. తినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ పెదవి కదులుతూనే ఉంటుంది కదా! జెల్‌ అంచు దాటి పైకి జరుగుతుంది, ముక్కు కింద ఉబ్బు తేలుతుంది.

నెలలు గడిచాక..

అంతా బాగుందనుకున్నాక చేతికి గట్టిగా గడ్డలు తగలొచ్చు. కొన్ని జెల్‌ ముద్దకట్టినవి. కొన్ని శరీరం దాన్ని పరాయి పదార్థంగా చూసి చుట్టూ కట్టే గ్రాన్యులోమాలు. ఇంకొన్నిటి వెనక సూదితోపాటు లోపలికి చేరి నక్కిన బ్యాక్టీరియా ఉంటుంది. ఫ్లూ జ్వరమో పంటి ఇన్‌ఫెక్షనో వస్తే పాత ఫిల్లర్‌ ఉన్నచోట ఒక్కసారిగా వాపు రావచ్చు. 2020లో మోడెర్నా కొవిడ్‌ టీకా పరీక్షల్లోనూ ఫిల్లర్లున్న కొందరికి అలాగే వాచింది.

తెల్లబడితే ఆగొద్దు

అసలు ప్రమాదం జెల్‌ రక్తనాళంలోకి వెళ్లడం. పెదవి పాలిపోతుంది, వలలాంటి నీలి మచ్చలు వస్తాయి, నొప్పి ఎక్కువవుతుంది. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాలి. ఆలస్యమవుతుంటే రక్తం అందట్లేదేమోనని అనుమానించాల్సిందే. వెంటనే హయలురోనిడేజ్‌ ఎంజైమ్‌ ఎక్కించకపోతే కణజాలం చచ్చి మచ్చ మిగులుతుంది. ఆ ఎంజైమ్‌ హయలురోనిక్‌ జెల్‌నే కరిగిస్తుంది. చవగ్గా సిలికాన్‌ ఎక్కించుకుంటే దానికి విరుగుడు లేదు, తీయాలంటే కత్తి పట్టాల్సిందే.

వెళ్లేముందు..

• చేసేది రిజిస్టరైన డెర్మటాలజిస్టో ప్లాస్టిక్‌ సర్జనో కనుక్కోండి. పార్లర్‌లో వద్దు. సూది లేని ‘హయలురాన్‌ పెన్‌’ జోలికీ పోవద్దు, 2021లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది దాని గురించే.

• హయలురోనిడేజ్‌ క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. పెదవులపై హెర్పిస్‌ పొక్కులు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

• సీల్‌ మీ ఎదుటే విప్పమనండి. బ్రాండు, లాట్‌ నంబరు ఉన్న స్టిక్కర్‌ను ఇంటి పత్రంలా దాచుకోండి. ఐదేళ్ల తర్వాత గడ్డ తేలితే డాక్టరు మొదట అడిగేది అదే.