గదిలో గది.. రొదకు అడ్డుగోడ
టీవీ స్టూడియోలోకి బయటి శబ్దం ఎందుకు రాదు?

అరకులోయ: థింసా అడుగులకు తుడుము, డప్పు, కిరిడి, మోరి తోడవుతాయి. ఆ పాటను ఆరుబయట చిత్రీకరిస్తే, ఇనుప ఖనిజంతో కొత్తవలస-కిరండూల్‌ మార్గంలో సాగే గూడ్సు రైలు కూత, పర్యాటకుల వాహనాల హారన్లు కూడా రికార్డవుతాయి. అదే పాట టీవీ స్టూడియోలో పాడితే రొద వినిపించదు. కారణం ఏదో ఖరీదైన యంత్రం కాదు.. గది కట్టిన తీరు.

రెండు దారులు
శబ్దం గాలి ద్వారా, కట్టడం ద్వారా లోపలికి వస్తుంది. గాలిలో వచ్చేదాన్ని బరువైన గోడ ఆపుతుంది. కానీ గోడ బరువు రెట్టింపు చేసినా లాభం సుమారు 5-6 డెసిబెల్సే. అందుకే మధ్యలో ఖాళీ వదిలి రెండు గోడలు కట్టి, ఆ ఖాళీలో రాతి ఉన్ని నింపుతారు. రైళ్లు, లారీల అదురు నేల గుండా పాకుతుంది. దాన్ని ఆపేందుకు లోపలి గదిని రబ్బరు దిమ్మెలు లేదా స్ప్రింగులపై నిలిపి, బయటి గోడలకు ఎక్కడా తగలకుండా కడతారు. ఇదే ‘గదిలో గది’ పద్ధతి.

సందు ఉంటే అంతా వృథా
ఎంత గట్టి గోడ అయినా తలుపు కింద చిన్న సందుంటే ఫలితం ఉండదు. అందుకే రబ్బరు పట్టీలు బిగించిన రెండు బరువైన తలుపులు, వాటి నడుమ చిన్న గది ఏర్పాటు చేస్తారు. కిటికీకి వేర్వేరు మందం గల రెండు అద్దాలు అమర్చుతారు. ఏసీ గాలి హోరు చేయకుండా వెడల్పాటి గొట్టాల్లో నెమ్మదిగా పంపుతారు.

గుడ్ల అట్టలతో ఆగదు
గోడలకు స్పాంజి, కోడిగుడ్ల అట్టలు అతికిస్తే బయటి శబ్దం ఆగుతుందన్నది అపోహ. మెత్తని స్పాంజి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప బయటి రొదను ఆపలేదు. అట్టల వల్ల ఆ ప్రయోజనమూ అంతంత మాత్రమే.

పాట పోకుండా..
మన్యంలో ఎన్నో పాటలు పుస్తకాల్లో లేవు.. పెద్దల నోటనే నిలిచాయి. పాడేవారు వెళ్లిపోతే రికార్డింగే ఆధారం. మాటపై రైలు కూత పడితే కంప్యూటర్‌ దాన్ని కొంత తగ్గించగలదు గానీ, దాంతోపాటు మాట స్పష్టతా దెబ్బతినవచ్చు. స్టూడియో లేనిచోట రోడ్డుకు, రేకుల కప్పుకు దూరంగా ఉన్న ఇంటిని ఎంచుకొని, కిటికీలు మూసి, చుట్టూ దుప్పట్లు కట్టాలి. మైకును గాయకులకు దగ్గరగా ఉంచాలి. దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్‌ బలంగా నమోదవుతుంది. రైలు వస్తే ఆగాలి.. అది వెళ్లాక ఆ చరణాన్ని మళ్లీ పాడించాలి.