ఆగిన యంత్రం

అమెరికాకు చెందిన బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1961లో బ్యాటరీతో నడిచే తొలి డ్రిల్ యంత్రాన్ని వెలువరించింది. నేడు వడ్రంగులకు, ఎలక్ట్రీషియన్లకు అది నిత్య సాధనం. పని నడుమ అది మొరాయిస్తే ఆనాటి సంపాదనకే ఎసరు. అయితే ఆగిన యంత్రమల్లా చెడినట్లు కాదు.

మొదట దిశను మార్చే మీటను చూడాలి. అది నడుమ ఉంటే యంత్రానికి తాళం పడినట్లే. ఎంత నొక్కినా స్విచ్ కదలదు. మీట సరిగానే ఉంటే, పూర్తిగా ఛార్జ్ అయిన మరొక బ్యాటరీని అమర్చాలి. అప్పుడు యంత్రం తిరిగితే దోషం పాత బ్యాటరీది లేదా ఛార్జరుది, తిరగకపోతే యంత్రానిది. అధిక భారంతో వేడెక్కిన లిథియం బ్యాటరీ తనంతట తానే సరఫరాను నిలిపివేయవచ్చు. అది చల్లారితే మళ్లీ పనిచేస్తుంది.

మోటారు తిరుగుతున్నా రంధ్రం పడకపోతే కారణం వేరు. టకటకమనే శబ్దం వస్తే క్లచ్ వలయాన్ని తక్కువ అంకె నుండి డ్రిల్ గుర్తుకు మార్చాలి. బిట్టు అపసవ్య దిశలో తిరిగితే కోయదు, రాపిడితో వేడెక్కుతుంది. బిట్టును తాకే ముందు బ్యాటరీని తప్పక తొలగించాలి.

కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా సొంత ప్రయత్నం మాని, నిపుణునికి చూపాలి. లిథియం బ్యాటరీని విప్పితే మంటలు చెలరేగే ప్రమాదం ఉంది.

తేలికైన కారణం నుండి క్లిష్టమైన కారణానికి, ఒక్కొక్క మార్పే చేస్తూ సాగడం మరమ్మతుకు మూలసూత్రం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే యంత్రం నడవవచ్చు గాని, దోషం ఎక్కడుందో తెలియదు.