రంపం పెట్టేముందు

మా నాన్న గుంటూరులో ఆర్మ్‌డ్ రిజర్వ్ హెడ్ కానిస్టేబుల్. సర్వీసులో ఎక్కువ కాలం ఆయన భుజాన మోసింది త్రీ నాట్ త్రీ రైఫిల్. డ్యూటీ దిగాక దాన్ని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గదిలో అప్పజెప్పే ముందు పుల్‌త్రూ తాడుకు గుడ్డపీలిక కట్టి, గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు లాగి, వెలుతురుకు ఎత్తి చూడాలి. మసి కనిపిస్తే ఆర్మరర్ తీసుకోడు. ఇంటికొచ్చి సబ్బుతో ఎంత తోముకున్నా నాన్న చేతులకు ఆ నూనె వాసన ఉండేది. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినవాళ్లలో చాలామందికి ఈ రైఫిల్ తెలుసు. దాదాపు నాలుగు కిలోల బరువు. కవాతు అయ్యేసరికి భుజం ఎంత పీకేదో గుర్తుండే ఉంటుంది.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివి, బాలానగర్‌లో కొన్నేళ్లు లేత్ మీద పనిచేసి, అమెరికా వచ్చి ఒహాయోలో టూల్‌రూమ్ ఉద్యోగంలో స్థిరపడ్డాను. 2011లో ఓ శనివారం ఇక్కడి తుపాకుల దుకాణానికి వెళితే, గోడకు ఆనించిన పాత సైనిక రైఫిళ్ల వరసలో ఒకదాని మెడ దగ్గర ఉక్కు మీద కిరీటం గుర్తు కనిపించింది. దాని కింద ‘జీ.ఆర్.ఐ.’, ఆ కింద ‘ఇషాపూర్’, ‘1943’. ఇషాపూర్ అంటే కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీ. మా నాన్న రైఫిల్ పుట్టిల్లు కూడా అదే. కాగితాలు నింపి, చట్టప్రకారం నా నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యాక దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

డబ్బు తీసుకుంటూ దుకాణదారు, “కోస్తావా, ఉంచుతావా?” అని అడిగాడు. ఆ ప్రశ్న వెనక ఈ దేశంలో వందేళ్లకు పైబడిన అలవాటు ఉందని తర్వాత తెలిసింది.

యుద్ధం ముగిశాక ప్రభుత్వాల దగ్గర లక్షల రైఫిళ్లు మిగిలిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శామ్యూల్ కమ్మింగ్స్ అనే వ్యాపారి ఇంటర్‌ఆర్మ్స్ కంపెనీ పెట్టి, వాటిని దేశదేశాల నుంచి కొని అమ్మాడు. పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే రైఫిల్ పార్సిల్‌లో ఇంటికి వచ్చే రోజులవి. కొత్త వేట రైఫిల్ కొనే స్తోమత లేని రైతులు, కార్మికులు ఈ పాతవి కొని షెడ్డులో కూర్చుని తమకు కావలసినట్టు మార్చుకున్నారు. సైనిక రైఫిల్‌కు గొట్టం పొడవునా కర్ర తొడుగు ఉంటుంది. వేడెక్కిన గొట్టం చేతిని కాల్చకుండా, బయొనెట్‌తో పొడిచినా తట్టుకునేలా పెట్టిన తొడుగు అది. జింక కోసం కొండెక్కేవాడికి ఆ బరువు దండగ. ముందుకర్ర సగానికి కోస్తారు, పైకర్ర తీసేస్తారు, దుర్భిణికి అడ్డం రాకుండా బోల్టు పిడిని కిందికి వంచుతారు, ఉక్కుకు కొత్తగా నీలిపూత వేస్తారు. దీన్నే స్పోర్టరైజింగ్ అంటారు. జర్మన్ మౌజర్ 98, అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903, మనం త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్ - ఈ మూడూ ఎక్కువగా రంపం కిందికి వెళ్లాయి. ఇది పేదవాళ్ల పని మాత్రమే కాదు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లిన వాటిలో వేటకు అనువుగా మార్చిన స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి.

1963లో కెనెడీ హత్యకు వాడింది పోస్టులో తెప్పించిన ఇటాలియన్ కార్కానో సైనిక రైఫిల్. 1968లో వచ్చిన చట్టం పోస్టు అమ్మకాలనూ, విదేశీ సైనిక మిగులు దిగుమతినీ ఆపేసింది. 1984 తర్వాత పురాతన సేకరణ వస్తువుల కింద కొన్నిటికి మళ్లీ తలుపు తెరిచారు.

పాత రైఫిళ్ల మీద పని నాకు నేర్పింది ఇక్కడ మా వీధిలోని పెద్దాయన. పంతొమ్మిదో ఏట, 1958లో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటి కొని కోసుకున్నాడు. ఆయన నాకు మొదట రంపం చూపించలేదు, రిసీవర్ (బోల్టు ఇమిడే ఉక్కు భాగం) మీద నంబరు చూపించాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో తయారైన 1903 రైఫిళ్లలో ఎనిమిది లక్షల లోపు నంబరున్న వాటిని కాల్చకూడదు. ఎందుకో విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది నా వృత్తిలోని తప్పే. అప్పట్లో అక్కడ ఉక్కును కొలిమిలో కాల్చి, ఎంత వేడెక్కిందో రంగును బట్టి కంటితోనే నిర్ణయించేవారు. మన ఊరి కమ్మరి కర్రుకు పదును పెట్టేటప్పుడు చూసుకునే ఎరుపు లాంటిదే. మబ్బు పట్టిన రోజున, షాపులో చీకటిగా ఉన్నప్పుడు, ఆ ఎరుపు సరిగ్గా తెలుస్తుంది. ఎండ బాగా కాసిన రోజున అదే వేడి కంటికి తక్కువగా కనిపిస్తుంది. పనివాడు ఇంకా కాలుస్తాడు. ఉక్కు అతిగా కాలి గాజులా పెళుసెక్కుతుంది. 1917లో రైఫిళ్లు పగిలిపోయాక ఉష్ణమాపకాలు పెట్టి చూస్తే, తేడా కొన్నిసార్లు 300 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా ఉందని తేలింది. చేయి తిరిగిన పనివాళ్లు, ఏళ్ల అనుభవం, అయినా ఎండ మోసం చేసింది. జూలియన్ హాచర్ అనే సైనికాధికారి ఇదంతా తన పుస్తకంలో రాసిపెట్టాడు. ఇంట్లో తుపాకీ బాగుచేసుకునే ప్రతివాడూ ముందు చదవాల్సింది అదే అంటాను.

ఇక నా ఇషాపూర్ రైఫిల్. ఒళ్లంతా కాస్మొలీన్ పట్టి ఉంది. నిల్వలో తుప్పు పట్టకుండా పూసే ముదురు గోధుమరంగు గ్రీజు అది, ఏళ్లు గడిచి మైనంలా గడ్డకట్టింది. దాన్ని వదిలించడానికి రెండు వారాలు పట్టింది. కర్ర మీద సొట్టలున్నచోట తడిగుడ్డ పరిచి మా ఆవిడ ఇచ్చిన ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి పీచు ఉబ్బి సొట్ట లేచింది. గరుకు కాగితం వాడితే ఫ్యాక్టరీ ముద్రలు పోతాయి, అందుకే దాని జోలికి వెళ్లలేదు. తర్వాత అవిసె నూనె అరచేత్తో రుద్దాను, రోజుకు ఒక్క పల్చని పూత. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి: ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, మూతున్న ఇనుపడబ్బాలో వేయాలి.

ఈ పనిలో నేనొక తప్పు చేశాను. లీ ఎన్‌ఫీల్డ్‌లో బట్‌ను, అంటే భుజానికి ఆనే వెనక కర్రను, పట్టి ఉంచే పొడవాటి బోల్టు కొస నలుపలకలుగా ఉంటుంది, అది ముందుకర్ర వెనక ఉన్న చిన్న ఇనుప పలకలో కూర్చుంటుంది. అందుకని ముందుకర్ర ఊడదీశాకే ఆ బోల్టు తిప్పాలి. నేను తొందరపడి ముందే తిప్పాను. పటుక్కుమని చప్పుడు, కర్ర వెనక భాగం జాన పొడవున చీలింది. 1943 నుంచి ఎన్ని చేతులు మారినా చెక్కుచెదరని కర్ర. జిగురు పెట్టి, బిగింపు వేసి అతికించాను, గట్టిగానే ఉంది. కానీ ఆ గీత చెరగలేదు. కోయకుండానే ఇంత నష్టం చేయొచ్చని అప్పుడు తెలిసింది. ఇషాపూర్ వాళ్లు చాలా రైఫిళ్ల ముందుకర్రకు అడ్డంగా ఒక మర బిగించేవారు, చీలిపోకుండా. ఇక్కడి సేకరణదారులు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు.

2014లో నాన్న మా దగ్గరికి వచ్చారు. ఎనభై దాటిన మనిషి. రైఫిల్ చేతికిస్తే ముందు గొట్టం నేలవైపు వంచి, బోల్టు వెనక్కి లాగి, వేలు పెట్టి ఛాంబర్ ఖాళీయేనని చూసుకున్నారు. తర్వాత కళ్లజోడు సవరించుకుని, “ఒరేయ్, బోల్టు దీనిదేనట్రా?” అన్నారు.

“నంబర్లు కలిశాయి నాన్నా” అన్నాను. బోల్టును ఏ రైఫిల్‌కు ఆ రైఫిల్‌కే సరిచేసి బిగిస్తారు. ఇంకోదాని బోల్టు తొడిగితే తూటా వెనక సందు పెరిగి, పేలినప్పుడు తొడుగు తెగి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు. ఆ సందును గేజీలతో కొలుస్తారు. నేను మెషినిస్టునే అయినా ఆ కొలత లైసెన్సున్న గన్‌స్మిత్ చేత తీయించాకే కాల్చాను.

“ఫైరింగ్ అయ్యాక మరిగే నీళ్లు పోస్తున్నావా?” అన్నది నాన్న రెండో ప్రశ్న. వాళ్లకు అది ఆజ్ఞ, కారణం ఎవరూ చెప్పలేదట. పాత తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, అది గాలిలో తేమ పీల్చి ఉక్కును తినేస్తుంది. నూనె ఉప్పును కరిగించదు, నీళ్లు కరిగిస్తాయి. ఇది చెప్పినప్పుడు నాన్న చాలాసేపు గొట్టంలోకి చూస్తూ కూర్చున్నారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో ఈ రైఫిల్‌కు వీడ్కోలు చెప్పారని చదివినప్పుడు ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఇది చదివి ఊళ్లో ఎవరైనా తాతగారి తుపాకీ బయటికి తీస్తారేమోనని భయం కూడా ఉంది. అమెరికాలో సొంత రైఫిల్‌ను మార్చుకోవడానికి ఫెడరల్ చట్టం చాలావరకు ఒప్పుకుంటుంది, ఇతరుల తుపాకులపై పని చేసి డబ్బు తీసుకోవాలంటే మాత్రం లైసెన్సు కావాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, మార్చడం, గొట్టం పొట్టి చేయడం అన్నీ నేరమే. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. మనవాళ్లు లైసెన్సు మీద ఉంచుకునే .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను ఇషాపూర్ ఫ్యాక్టరీయే లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి మీద చేసింది. దానికి మరమ్మతు వస్తే లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికే తీసుకెళ్లాలి.

దుకాణదారు ప్రశ్నకు నా జవాబు ఇది. 1950లలో కోసినవాళ్లను నేను తప్పుపట్టను. అప్పుడవి కుప్పలుగా ఉన్నాయి, చవక, ఇంటికి మాంసం కావాలి. ఇవాళ కోయనిది కోసినదానికంటే ఎక్కువ ధర పలుకుతోంది, ఎందుకంటే మిగిలినవి తక్కువ. చేతి సరదా తీర్చుకోవాలనుకుంటే ఎవరో ఎప్పుడో కోసిపడేసిన రైఫిల్ కొనండి. దానికి కొత్త కర్ర చెక్కండి, కొత్త నీలిపూత వేయండి, ఎంత నైపుణ్యం ఉంటే అంతా చూపించండి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఒక మనవి. ఏ దుకాణంలోనైనా ఇషాపూర్ ముద్రతో పూర్తి కర్రతో రైఫిల్ కనిపిస్తే, కొన్నా కొనకపోయినా, మెడ మీది సంవత్సరం, రిసీవర్ మీదా బోల్టు మీదా ఉన్న నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. కొంటే మాత్రం దాన్ని అలాగే ఉంచండి.