అంకెల చేతిగడియారము: దాని నడక దిద్దు విధము



నేటి ప్రసంగమునకు విషయము ముల్లులు లేక అంకెలతోనే కాలమును చూపు చేతిగడియారము. ఇది ఇప్పుడు పల్లెలందును సామాన్యమైన వస్తువు. నడచుచున్న గడియారము సరిగానే నడచుచున్నదని మనము నమ్ముదుము. నేనును అట్లే నమ్మితిని. ఆ నమ్మకమువలన నేను చేసిన తప్పొకటి ముందుగా విన్నవించెదను.

ఉద్యోగము విరమించుటకు కొలది సంవత్సరములకు పూర్వము ఒక పరీక్షకు నేను పర్యవేక్షకుడనై యుంటిని. ఆ గదిలో గోడగడియారము లేదు. నా చేతిగడియారము చూచుకొని, కాలము ముగిసినదని చెప్పి పత్రములు తీసికొనుచుంటిని. ఒక బాలిక కడపటి లెక్క చేయుచు, “ఇంకా టైముందండీ మాస్టారూ” అనెను. నేను వినక పత్రము లాగికొంటిని. కట్ట గట్టుచుండగా గంట కాలేదని తెలిసినది. నా గడియారము నాలుగు నిమిషములు ముందున్నది. ఏడాది క్రిందట దిద్ది మరల సరిచూడలేదు. నెలకు ఇరువది సెకండ్ల చొప్పున పెరిగి ఆ తప్పు నాలుగు నిమిషములైనది. పత్రము తిరిగి ఇచ్చితిని గాని, ఆ పిల్ల చేయి వణకుచుండెను. లెక్క ముగియలేదు. ఆనాటినుండి ఈ యంత్రమును గూర్చి తెలిసికొనవలెనను పట్టుదల నాకు కలిగినది.

ఈ గడియారమునకు ప్రాణము పలుగురాతి జాతికి చెందిన స్ఫటికపు తునక. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు కనుగొనిరి. దానికే విద్యుత్తు నందించినచో అది కంపించును. ఈ గుణము నాధారము చేసికొని 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ అనువారు స్ఫటికపు గడియారమును నిర్మించిరి. 1969 డిసెంబరు 25వ తేదీన జపానునందు సైకో సంస్థవారు ముల్లులు గల స్ఫటికపు చేతిగడియారమును అమ్మకమునకు తెచ్చిరి. అంకెలు చూపునది 1972లో అమెరికాలో వెలువడెను.

గడియారములోని స్ఫటికము చిన్న పంగలకఱ్ఱ ఆకారమున నుండి సెకండునకు 32,768 మారులు కంపించును. ఛందస్సు చదివిన పెద్దలకు ఈ సంఖ్య క్రొత్తది కాదు. పాదమునకు పదునైదక్షరములు గల అతిశక్వరీ ఛందమున ప్రస్తారము వేసిన వచ్చు వృత్తముల సంఖ్య ఇదియే. గురువు, లఘువు అను రెంటిని పదునైదు మారులు హెచ్చవేసిన ఇంత యగును. గడియారములోని విద్యుద్యంత్రము దీనినే తలక్రిందుగా పదునైదు మారులు సగము చేయును. కడపట సెకండునకు ఒక్క దెబ్బ మిగులును. ఆ దెబ్బకు అంకె మారును.

ఆ తునక రవ్వంత వేగముగానో మందముగానో కంపించినచో గడియారము తప్పును. నెలకు పదునైదు సెకండ్లు అటునిటు సామాన్యము. ముప్పది దినములకు 25,92,000 సెకండ్లు గదా. అందు పదునైదనగా పదిలక్షలకు ఆరైనను కాదు. వేడిమియు దీని నడకను మార్చును. ఇరువదియైదు డిగ్రీల వేడిమికి అనువుగా దీనిని కోయుదురు. అంతకంటె చల్లనైనను, వేడియైనను ఇది మందగించును. ఎల్లప్పుడును ముప్పదియైదు డిగ్రీల వేడిలో పడియున్నచో నెలకు సుమారు తొమ్మిది సెకండ్లు వెనుకబడును. చేతినున్నచో ఒంటివేడిమి దానిని ఇంచుమించు ఒక్కతీరున నుంచును.

ఇక దిద్దుబాటు. ఇందు రెండు సంగతులు వేరుచేసి చూడవలెను. బొత్తాము నొక్కి కాలము సరిపెట్టుట స్థితిని దిద్దుట. నడకను మార్చుట గతిని దిద్దుట. గణితమునకును ఆకాశమున కనబడుదానికిని భేదము వచ్చినప్పుడు మన జ్యోతిష్కులు గ్రహగతులకు బీజసంస్కారము చేసిరి గదా! ఇదియు అట్టిదే. ప్రతిదినము స్థితిని దిద్దుకొనువానికి గతి ఎన్నడును తెలియదు. తప్పును కొంతకాలము పెరుగనిచ్చినగాని దాని కొలత దొరకదు.

కావున మొదట ఒకనాడు రేడియోలో వినవచ్చు సమయసూచనతో సెకండ్లు సరిపెట్టుడు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు అణుగడియారములతో మన దేశకాలమును నిలుపుచున్నారు. ఆ కాలమునకు ఆధారమైన రేఖాంశము మన తుని చేరువగానే పోవుచున్నది. పిమ్మట ముప్పది దినములు బొత్తాము ముట్టకుడు. పగలు చేతిని, రాత్రి ఒకే తావున ఉంచుడు. నెల నిండగనే అదే రేడియోతో సరిచూచి, తేడాను పుస్తకమున వ్రాసికొనుడు. సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు ద్వారా వచ్చు రేడియోయు, డిష్షు ద్వారా వచ్చు టెలివిజనును ఆలస్యముగా వినిపించును గాన వానిని నమ్మరాదు. తేడా పదునెనిమిది సెకండ్లైనచో దినమునకు ఆరు పదవ వంతుల సెకండన్నమాట.

కొన్ని పాత గడియారములలో వెనుక మూత తీసినచో చిన్న గాడి గల స్క్రూ ఒకటి కనబడును. దాని క్రింద రెండు రేకు బిళ్లలున్నవి. అవి ఒకదానినొకటి ఎక్కువగా కప్పుకొన్నచో నడక మందగించును. విడివడినచో వేగము హెచ్చును. అర చుట్టు కప్పుకొని, తక్కిన అర చుట్టు విడివడును గాన ఏ వైపు త్రిప్పవలెనో ముందుగా చెప్ప వీలు లేదు. మొదటి స్థానమును కాగితముపై గీసికొని, ఇనుము గాని పుల్లతో వెండ్రుకవాసి త్రిప్పి, మూత పెట్టి, పది దినములు వేచి చూడవలెను. నేను తొందరపడి పావు చుట్టు త్రిప్పితిని. ముందునకు పోవుచుండిన గడియారము దినమునకు రెండు సెకండ్లు వెనుకబడసాగెను. గీసికొన్న గుర్తు ఉండబట్టి మరల మొదటికి రాగలిగితిని. మూడు నెలలకు గాని అది కుదురుకొనలేదు. ఒకమారు తెరచిన గడియారమునకు నీటి కాపుదల చెడవచ్చును. దానితో కాలువలో దిగకుడు.

నేటి గడియారములు పెక్కింటికి ఈ స్క్రూ లేదు. కర్మాగారముననే దిద్దుబాటు లెక్కగా అందులో నిలిపి యుందురు. అట్టిదానిని తెరచుట వృథా. దాని నెలసరి తేడాను వ్రాసికొని, ప్రతి నెల మొదటి తేదీన స్థితిని దిద్దుకొన్న చాలును. ఏడాదికొకమారు గతిని మరల కొలువుడు; స్ఫటికమునకును వయస్సు మీరుచుండును.

నా గడియారము ఇప్పుడు నెలకు మూడు సెకండ్లు ముందునకు పోవుచున్నది. అది నాకు తెలియును. నా పుస్తకమున వ్రాసి యున్నది. పెద్దలారా, మీ గడియారము చూచి బడిపిల్లవానిని తొందరపెట్టుటకు ముందు, బస్సు వెళ్లినదని ఒకరిని వెనుకకు పంపుటకు ముందు, దానిని కడపట సరిచూచినది ఎన్నడో ఒక్కమారు జ్ఞాపకము చేసికొనుడు. నాకు ఆ జ్ఞాపకము ఆనాడు లేకపోయెను.