వార్తల్లో పదం: ఓపెన్‌సోర్స్ ప్లగిన్

ప్రొటీన్ల నిర్మాణాన్ని కంప్యూటర్ తెరపై అన్ని వైపులా తిప్పి చూపే సాఫ్ట్‌వేర్లలో పైమాల్ ప్రసిద్ధం. దీన్ని రూపొందించిన వారెన్ డిలానో 2009లో చిన్న వయసులోనే కన్నుమూశారు. 2010లో ష్రోడింగర్ సంస్థ పైమాల్ బాధ్యత తీసుకుంది. సంస్థ అమ్మే వెర్షన్ ఉన్నా, ఓపెన్‌సోర్స్ కోడ్ ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతోంది.

అసలు ప్రోగ్రామ్‌లో లేని పనిని జోడించే కోడే ప్లగిన్. పైమాల్‌కైతే దాన్ని పైథాన్‌లో రాస్తారు. మెనూలో కొత్త ఆప్షన్ చేరుతుంది. దాన్ని నొక్కగానే మందు అణువుకు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపున్న అమైనో ఆమ్లాలన్నీ రంగు మారేలా చేయొచ్చు. ఇంత ఉపయోగపడే పనికి కొద్ది వరుసల కోడ్ చాలు.

చిక్కంతా లైసెన్స్ దగ్గరే. కోడ్‌ను నెట్‌లో పెట్టినంత మాత్రాన అది ఓపెన్‌సోర్స్ అయిపోదు. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ హక్కులన్నీ రాసినవారివే. ఇతరులు దాన్ని మార్చి పంచుకోవాలంటే వారి అనుమతి కావాలి. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్సులు కాపీరైట్ ప్రకటన, షరతులు అలాగే ఉంచితే వ్యాపారానికీ వాడుకోనిస్తాయి. జీపీఎల్ కింద ఉన్న కోడ్‌ను మార్చి పంపిణీ చేసేవారు మాత్రం సోర్స్‌కోడ్‌నూ అదే లైసెన్స్‌తో ఇవ్వాలి.

ప్లగిన్ రాస్తున్న పరిశోధక విద్యార్థులారా, లైసెన్స్ ఫైలు జతచేశాకే దాన్ని విడుదల చేయండి.