కాలవ నీళ్లు వదిలి ఎర్రనేలకు... తెలియని ఊరంటే భయం ఎలా తగ్గింది?

"కృష్ణా డెల్టా వదిలేసి కదిరి వైపు ఎందుకెళ్లావు, భయం వెయ్యలేదా?" అని చాలామంది అడుగుతున్నారు. వీడియోలో చేను మొత్తం తిప్పి చూపించాను. అందులో కుదరని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

భయం వేసింది. బాగానే వేసింది. మాది అవనిగడ్డ వైపు. కాలవ వదిలితే నాట్లు, వరి కోతల ముందు మినుములు చల్లడం, మాకు తెలిసిన సేద్యం అదే. సొంత భూమి లేదు. ఎకరాకు 25 బస్తాలు కౌలు కట్టి ప్రకృతి సేద్యం చేస్తే, నేల కాస్త గుల్లబారేసరికి ఆ కౌలు ఇంకొకరికి పోతుంది. పైగా పై చేలో వేసిన యూరియా నీళ్లు మన మడిలోంచే పారాలి. మా ఊళ్లో అర ఎకరం కూడా రాని డబ్బుకి కదిరి దగ్గర నాలుగెకరాలు వస్తున్నాయి. లెక్క తేలికే. కానీ మా నాన్న "కాలవ వదిలి కరువులోకి పోతావంట్రా?" అన్నాక రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. పాప అప్పటికి రెండేళ్లది.

అందుకే వెంటనే భూమి కొనలేదు. ఒక పల్లెలో గది అద్దెకు తీసుకుని మే నుంచి డిసెంబరు దాకా ఉన్నాను. కూలికి వెళ్లాను, కాయలు కొట్టాను, రచ్చబండ దగ్గర కూర్చున్నాను. "కరువు" అనే మాటని దూరం నుంచి వింటే అది ఎంతైనా పెరుగుతుంది. అక్కడ కూర్చుంటే దానికో కొలత దొరుకుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. మా వైపు వెయ్యి దాటుతుంది. ఆ 550లోనే వేరుశనగ, కంది, కొర్ర, ఆముదం పండిస్తున్నారు. ఎక్కువ వాన సెప్టెంబరులో. ఇక చూసుకోవాల్సింది రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం వస్తుందనేది.

పక్క చేను పెద్దాయన ఒకరోజు అడిగాడు: "మీ పక్క వాన పడితే ఏం జేస్తారు సామీ?"

"ఇంట్లో కూర్చుంటాం" అన్నా.

"ఈడ వాన పడితే పరిగెత్తల్ల. ఎర్రనేల గదా, మూన్నాళ్లు దాటితే పదును పోతాది."

ఎర్రనేలకి నీరు పట్టి ఉంచే గుణం తక్కువని డిప్లొమా పరీక్షలో నేనూ రాశాను. కానీ గొర్రు, ఎద్దులు, విత్తనం, మనుషులు అన్నీ ముందే సిద్ధంగా ఉండాలని అర్థమైంది ఆ మాటతోనే. అందుకే కొన్నాక మొదట చేసింది బోరు వేయడం కాదు, ఎద్దులున్న ఇద్దరితో ముందే మాట్లాడుకోవడం.

మొదటి ఏడాది మే నెలలోనే నవధాన్యాలు చల్లాం. విత్తనానికి బీజామృతం, బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం పొరలుగా పట్టించి, ఎకరాకు 12 కిలోలు. రెండు చిన్న జల్లులకే మొలిచాయి. జూలైలో వాటిని నేలలో కలిపి, ఘనజీవామృతం ఎకరాకు 400 కిలోలు వేసి, కదిరి-6 వేరుశనగ విత్తాం. ప్రతి ఏడు సాళ్లకి ఒక సాలు కంది.

తర్వాత 26 రోజులు చినుకు లేదు.

కాలవ రైతుకి ఆ రోజులు ఎలా ఉంటాయో చెప్పడం కష్టం. మా ఊళ్లో అయితే లాకుల దగ్గరికెళ్లి అరుస్తాం. ఇక్కడ ఎవరి మీద అరవాలి? రాత్రి నిద్ర పట్టక, ఫోన్‌లో వాతావరణం చూసుకుంటూ కూర్చునేవాణ్ని. పెద్దాయన వచ్చి చూసి, "ఆకాశం జూసేది ఆపి గుంటక తోలు. రెండు తూర్లు తోలితే ఒక తడి కట్టినట్టే" అన్నాడు. పైపొర కదిలిస్తే కింది తేమ పైకి ఎగిరిపోదు, కలుపూ పోతుంది. ఊడలు దిగేలోపే చేయాలి, తర్వాత గుంటక పెట్టకూడదు. తోలాం. మధ్యాహ్నం వాడిన ఆకు పొద్దున్నే మళ్లీ విప్పుకునేది. (వీడియోలో ఆ మొక్కల్ని పీకి వేళ్లు చూపించాను, తప్పకుండా చూడండి.) 27వ రోజు వాన పడింది.

ఎకరాకి ఆరు బస్తాల కాయ వచ్చింది. గొప్ప దిగుబడేం కాదు. కంది, అలసంద, అనపకాయలు వేరే. కాయ అమ్మకుండా చెక్క గానుగ ఆడించా. లీటరు నూనెకి రెండున్నర నుంచి మూడు కిలోల పప్పు పడుతుంది. మొదటి కొనుగోలుదారులు అవనిగడ్డ వాళ్లే, పాత పరిచయాలు అలా పనికొచ్చాయి.

వెళ్లాలనుకునే మిత్రులు పొలం చూడటానికి ఎండాకాలం ఒక్కసారి వెళ్లి రావొద్దు. విత్తు నుంచి కోత దాకా ఉండండి. బోర్ల లోతు బ్రోకర్ని కాదు, పక్క చేను వాళ్లని అడగండి. ఎక్కువమంది భయపడేది నీళ్ల గురించి. నన్ను మాత్రం ఎక్కువ పీడించింది రాత్రి పాపకి జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలో తెలియకపోవడం. ఒక్క సీజనులో ఆ తలుపులు నాలుగు తెలిశాయి. ఆ తర్వాతే వాళ్లిద్దర్నీ తీసుకొచ్చా.

పాపకి ఇప్పుడు ఐదేళ్లు. ఫోన్‌లో తాతతో "యాడుండావ్ తాతా?" అంటుంది. ఆ యాస విని మా నాన్న నవ్వుతాడు గానీ ఇంతవరకూ ఇక్కడికి రాలేదు. ఈ జూలైలో విత్తు వేసే రోజుకి రమ్మన్నాను. ఏ రోజు అని అడిగాడు. వాన చెప్పాలి కదా అన్నా.